మూడోనాటి పులుపు

హిరుత్ గారు చింతపల్లి వచ్చిన పద్దెనిమిదో రోజున, ఆవిడ అప్పటిదాకా రుచి చూసిన పదకొండు కాఫీలకూ ఒకే మార్కు వేసిందని గమనించాను. ఎనభై రెండు. ఆ మార్కులు రాసుకోవడమే నా ఉద్యోగం. పదకొండోసారి రాశాక గానీ నాకు అనుమానం రాలేదు. కాగితం మీద వరుసగా ఒకే అంకె పడుతుంటే మనసుకు ఒక రకమైన నిమ్మళం. దాన్ని పాడుచేసుకోవడం నాకు ఇష్టం లేకపోయిందని తర్వాత అర్థమైంది.

ఆవిడది ఇథియోపియా. గొజ్జాం అనే కొండప్రాంతం. మా కాఫీ రైతుల సంఘం ఈ ఒక్క సీజనుకు ఆవిడను పిలిపించింది. ఎవరి గింజలు 'ప్రత్యేకం'గా విడిగా వెళ్ళాలో, ఎవరివి మామూలు రాశిలో కలవాలో ఆవిడ నాలుక చెప్పాలి. ఎనభై దాటితే ప్రత్యేకం. ఆ ప్యాకెట్టు మీద రైతు పేరు, ఊరి పేరు అచ్చువేస్తారు.

ఈ అచ్చు సంగతి అందరికంటే ఎక్కువ పట్టింది సోములమ్మకు. ఆమె మా ఆఫీసులో కప్పులు కడుగుతుంది, టీ కాస్తుంది. కాఫీ పండే ఊళ్ళో, కాఫీ సంఘం ఆఫీసులో, అందరం టీయే తాగుతాం. ఆమెకు ఊళ్ళో రెండెకరాల కాఫీ తోట ఉంది. కిందటేడు ఎదురింటి ఫల్గుణ పేరు ప్యాకెట్టు మీద పడింది. అతను దాన్ని విప్పకుండా మేకు కొట్టి తలుపుకు తగిలించుకున్నాడు. సోములమ్మ వాకిట్లోంచి చూస్తే కనబడేది అదే.

"నువ్వూ ఓ మేకు కొట్టీసి ఉంచు వదినా, పనికొత్తాది," అంటాడట, రోజూ.

సోములమ్మ నిజంగానే మేకు కొట్టేసింది. ఆమె గింజలది పన్నెండో నంబరు. ఇంకా రుచి చూడలేదు.

శుక్రవారం విశాఖపట్నం నుంచి మేనేజరు మోహన్‌కృష్ణ ఫోన్ చేశాడు.

"ఏటి జగన్నాథరావూ, అందరికీ ఎనభై రెండేనా? ఆ మాత్రం నువ్వూ నేనూ వెయ్యలేమా? సోమవారం అన్నీ మళ్ళీ చూడమను. అప్పుడూ ఇంతే అయితే విమానం ఎక్కించేద్దాం. ఈ ఏడాదికి ప్రత్యేకం లేదు, ఏమీ లేదు."

ఆ మాట ఆవిడకు చెప్పాను. మేం ఇంగ్లీషులో మాట్లాడుకుంటాం.

"నా నోరు చచ్చిపోయింది," అంది, పెన్నులో ఇంకు అయిపోయిందన్నంత మామూలుగా. "ఎనభై రెండు వేస్తే ఎవరికీ నష్టం ఉండదనుకున్నాను."

ఆవిడ అరటిపళ్ళతో, పాలు లేని టీతో బతుకుతోందని అప్పుడు తెలిసింది. వాళ్ళకవి ఉపవాసపు రోజులు. మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. గెస్ట్‌హౌస్‌ వాళ్ళు రోజూ గౌరవంగా బొంగులో చికెన్ పంపేవారు. ఆవిడ రోజూ గౌరవంగా తిప్పి పంపేది. ఇన్నాళ్ళూ ఈ గౌరవమే నడిచింది. వాళ్ళ ఇంట్లో తినేది ఇంజెరా అనే రొట్టె, టెఫ్ అనే గింజతో చేస్తారని చెప్పి ఫోటో చూపించింది. పల్చగా, నిండా చిల్లులతో ఉంది. నేను హోటల్లో సెట్ దోసె కట్టించుకొచ్చాను. సగం తిని, "బాగుంది, కానీ చాలా తెల్లగా ఉంది," అంది. టెఫ్ కోసం విశాఖపట్నంలో ఒక దుకాణానికి ఫోన్ చేశాను. షాపతను తన సొంత విచక్షణతో ఓట్స్ పంపాడు.

ఇంటి తిండి మీద బెంగ ఎలా ఉంటుందో నాకు తెలియదు. చీపురుపల్లి దగ్గర మా ఊరు వదిలి ఎనిమిదేళ్ళయింది. ఎవరు ఏది పెడితే అది తింటాను. దీన్ని నేనొక గుణంగా లెక్కవేసుకుంటూ వచ్చాను. ఆవిడ కోసం టెఫ్ వెతుకుతున్నప్పుడు నాలో జాలి కంటే పెద్దరికమే ఎక్కువ ఉందేమో.

శుక్రవారం సాయంత్రమే ఇంకో పని కూడా చేశాను. ఒక కాగితం మీద పన్నెండు అంకెలు వేశాను. ఎనభై ఒకటి, ఎనభై నాలుగు, డెబ్భై తొమ్మిది, అలా. పన్నెండో నంబరుకు ఎనభై ఐదు. సోమవారం ఆవిడ వీటిని చదివితే చాలు, మోహన్‌కృష్ణ నమ్ముతాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పన్నెండో నంబరుకు అంత ఎందుకు వేశానో నాకు తెలుసు. కాఫీ పళ్ళు కోసిన రోజే తొక్క తీయాలి, లేకపోతే పులుస్తాయి. జనవరిలో సోములమ్మ పళ్ళు కోసి గోనెలో పోసి, చెల్లెలి కూతురి పెళ్ళికి పెదబయలు వెళ్ళింది. రెండు రాత్రుల తర్వాత తిరిగొచ్చి తొక్క తీసింది. ఆ మాట నాతో తనే అంది. గింజలు తెచ్చినప్పుడు సంచిలో ముక్కు పెట్టి చూశాను. చిన్న పుల్లటి వాసన.

శనివారం సోములమ్మ టీ ఇస్తూ ఆవిడ ఫోన్లోకి తొంగిచూసింది.

"ఇదేటి బాబూ, అట్టు కాదా?"

"వాళ్ళ దేశం రొట్టె. పిండి మూడ్రోజులు పులవబెడతారట. ఆ గింజ మనకు దొరకదు."

మేం ఏం మాట్లాడుకుంటున్నామని హిరుత్ గారు అడిగింది. చెప్పాను. "టెఫ్ పండని ఊళ్ళో డగుస్సాతో చేస్తారు," అంది. "మా అమ్మ చేసేది దాంతోనే." ఆ గింజ బొమ్మ వెతికి చూపించింది.

సోములమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఇయి సోళ్ళు కదా! బాబూ, నీకు సోళ్ళు తెల్దేటి?"

నాకు చోళ్ళు, అదే రాగులు, తెలుసు. మా అమ్మ తవిటమ్మ పొద్దున్నే చోడి అంబలి తాగందే గడప దిగేది కాదు. నేను మాత్రం ఈ రెండు రోజులూ టెఫ్ గురించి తప్ప ఇంకేమీ అడగలేదు.

"అంబలికని ఎట్టిన పిండి కుండలో ఉంది. రేపటికి మూడో దినం. అట్లు పోసి తెత్తాను," అంది సోములమ్మ. "గుంట సూడు, ఎలగ ఎండిపోయిందో."

అక్కడ నేనొక మాట అనాల్సింది. ఆ పిల్ల నోరు బతికితే నీ గింజలకే ముప్పు అని. అనలేదు. అధికారిగా జోక్యం చేసుకోకూడదని నాకు నేను చెప్పుకున్నాను. జేబులో ఆ కాగితం ఉండగానే చెప్పుకున్నాను.

ఆదివారం సోములమ్మ కేరియరు తెచ్చింది. గోధుమరంగు అట్లు రెండు, ఒకవైపే కాలినవి. పక్కన అడ్డాకులో కట్టిన నల్లటి పొడి. హిరుత్ గారు ముందు ఆ పొడి వాసన చూసింది.

"పచ్చటి పువ్వు పూసే గింజ కదూ ఇది?"

వలిసెలు. చేలు పూసిన రోజుల్లో టూరిస్టులు వాటిలో నిలబడి ఫోటోలు దిగుతారు. వేయించి దంచుకుని తినేది ఇక్కడివాళ్ళు. వాళ్ళ దేశంలోనూ దంచుకుంటారట.

ఆవిడ ముక్కలు తుంచుకుంటూ రెండట్లూ తినేసింది. ఏడుస్తుందేమోనని నేను సిద్ధంగా ఉన్నాను. ఏడవలేదు. ఉప్పు కొంచెం ఎక్కువైందంది. ఇన్ని రోజుల్లో ఆవిడ నోటినుంచి నిజంగా వచ్చిన మొదటి మార్కు అదే.

సోమవారం బల్ల మీద పన్నెండు కప్పులు పెట్టాం. పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో నాకొక్కడికే తెలుసు. ఆవిడ చెంచాతో పీల్చి, మగ్గులో ఉమ్ముతూ పోతోంది. ఆ జుర్రుమనే చప్పుడుకు సోములమ్మ ప్రతిసారీ నవ్వుతోంది. ఎనభై నాలుగు. డెబ్భై ఆరు, గడ్డి వాసన. ఎనభై ఏడు. ఏ రెండూ ఒకటి కాలేదు. నా కాగితంలో నేను ఏ నంబరుకు వేసిన అంకె కూడా ఆవిడ అంకెతో కలవలేదు.

పన్నెండో కప్పు దగ్గర వాసన చూసి నవ్వింది. జుర్రి, ఉమ్మకుండా కాసేపు నోట్లోనే ఉంచుకుంది.

"మా అమ్మ పిండికుండ," అంది ఉమ్మాక. "మూడోనాటిది. రొట్టెకు ఇదే కావాలి. కాఫీకి ఇది ఉండకూడదు. అరవై ఎనిమిది."

రాసుకున్నాను.

"ఏటంటంది బాబూ?" అంది సోములమ్మ.

"పులిసిపోయిందట. పిండి వాసన వస్తోందట. ఇది మామూలు రాశిలోకే."

"అయ్యో," అని నవ్వింది. "పాపం, ఎవులిదో!"

పేర్లు సాయంత్రం దాకా చెప్పకూడదని నియమం. ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు.

"నీదే," అన్నాను.

ఆమె చేతిలో కప్పు తొట్టిలో పెట్టింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. బల్ల దగ్గరికి వచ్చి చెంచా తీసుకుని, హిరుత్ గారిలాగే చప్పుడు చేస్తూ జుర్రి, మగ్గులో ఉమ్మింది. తను పండించిన కాఫీ ఆమె నోట్లో పెట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను.

"అవును. పులుపే."

చెంచా కడిగి పెట్టి నా వైపు తిరిగింది.

"పళ్ళు రెండు రేత్రులు గోనిలో ఉండిపోనాయని నీకు సెప్పినాను కదా?"

"చెప్పావు."

"ఇలగవుతాదని నీకు తెల్సా?"

"తెలుసు."

"మరి సెప్పలేదేటి?"

నా దగ్గరున్న జవాబులన్నీ కాగితం మీద రాసుకోదగ్గవే, ఎదుట అనదగ్గవి కావు. "చెప్తే అట్లు తెచ్చేదానివా?" అన్నాను.

సోములమ్మ నిజంగానే ఆలోచించింది. "తెచ్చీదాన్నే. ఉప్పు తగ్గించీదాన్ని."

అది ఎవరి కాఫీయో హిరుత్ గారికి చెప్పాను. ఆవిడ సోములమ్మ వంక చూసి, వచ్చే ఏడు కోసిన సాయంత్రమే తొక్క తీయమని చెప్పింది. అట్లు పోసిన చెయ్యి కదా అని నాలుగు మార్కులు కలపడం గురించి ఆవిడ ఏమీ అనలేదు. సోములమ్మ అడగలేదు. ఆ గదిలో దాని గురించి ఆలోచించింది నేనొక్కడినే. మధ్యాహ్నం జేబులోని కాగితం పొయ్యిలో వేశాను.

మంగళవారం కేరియరు మళ్ళీ వచ్చింది. ఫల్గుణ ఏమన్నాడని అడిగాను.

"ఏటంటాడు? మేకు పీకీమన్నాడు. ఎందుకు పీకుతాను? కేరియరు తగిలిత్తన్నాను."

ఈసారి అట్లు మూడున్నాయి. మూడోది ఆకులో పెట్టి నా బల్ల మీద ఉంచింది.

"నాకెందుకు?"

"తిను బాబూ. నీకూ నోరు సచ్చిపోయినట్టుంది."

అలాంటిదేమీ లేదన్నాను. ఆమె కదల్లేదు, చేతులు కట్టుకుని నిలబడింది. తుంచి నోట్లో పెట్టుకున్నాను. పులుపు ముందు నాలుక పక్కలకు తగిలింది, తర్వాత గొంతులోకి దిగింది. ఇది నాకు ఎక్కడ తెలుసో వెతుక్కోవలసిన పని లేకపోయింది. మొత్తం తినేదాకా తలెత్తలేదు.

"ఎలగుంది?"

"ఉప్పు తక్కువైంది," అన్నాను.