గేటు దగ్గర మంచం

ప్రేమానందం ఇనుప గేటు ఒక రెక్క తెరిచి, కదలకుండా కింద రాయి పెట్టాడు. రెండో రెక్క మూసే ఉంచాడు. రెండూ తీస్తే జనం వరదలా వచ్చిపడతారని ఆసుపత్రి కట్టిన దొరలు పెట్టిన పద్ధతి అది. దొరలు ఓడెక్కి వెళ్లిపోయారు, ఆసుపత్రి చర్చివాళ్ల చేతికి వచ్చింది, పద్ధతి మాత్రం గేటుతోపాటు మిగిలింది. రోగులను చూడడానికి సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకే అని గోడమీద బోర్డు ఉంది. ఆ బోర్డును లెక్కచేసినవాడు ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా వెతికినా దొరకడు.

ఆ సీమలో ఎవరైనా మంచాన పడితే మంచం వసారాలో వేస్తారు, దారిన పోయేవాళ్లకు కనపడాలని. పోయేవాళ్లు ఆగి పలకరించాలి. పలకరించిన పాపాన పోలేదన్న నిష్ఠూరం పెళ్లికి పిలవలేదన్న నిష్ఠూరం కంటే పెద్దది. అందుకే ఒక మనిషిని ఆసుపత్రిలో చేరిస్తే ట్రాక్టరు నిండా జనం దిగుతారు. వాళ్లను ఆపడం ప్రేమానందం ఉద్యోగం. ఇరవై ఏళ్లకు పైబడి చేస్తున్నా ఆ ఒక్క పనీ అతనికి చేతకాలేదు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. స్ట్రెచర్లు మోసి మోసి కుడి భుజం కిందికి జారింది. తనకంటే లావుపాటి మనిషికి కుట్టిన ఖాకీ చొక్కా ఆ భుజం మీద నిలవదు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. ఎవరైనా వేళకాని వేళ వస్తే అటు తిరిగి చీపురు వెతుక్కుంటాడు. ఆ చీపురు దొరికేసరికి వాళ్లు వార్డులో ఉంటారు.

పొద్దున్నే వార్డులకు వేడినీళ్లు మోసేదీ అతనే. ఆడవాళ్ల వార్డులో చివరి మంచం మీద వెంగమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. గుండె జబ్బు, కాళ్లు ఉబ్బాయి. ఆసుపత్రిలో చేర్చిన ఆమె తమ్ముడి కొడుకు శ్రీనివాసులు కూలిపనికి నెల్లూరు వెళ్లాడు. సోమశిల డ్యాం నీళ్లలో వాళ్ల ఊరు మునిగి చాలా ఏళ్లయింది. ఊళ్లోవాళ్లు తలా ఒక దిక్కు చెదిరిపోయారు. అవ్వకు జబ్బు చేసిందని ఎవరు ఎవరికి చెప్పాలి? చేరినప్పటినుంచీ ఆమె సరిగా తినలేదు, నర్సులతో మాట్లాడలేదు.

నీళ్ల చప్పుడుకు ఆమె కళ్లు తెరిచింది. "ఎవురన్నా వచ్చినారా నాయనా నాకోసరం?" అంది.

అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు. ఇంకా బస్సు రాలేదవ్వా అన్నాడు. ఆమె మళ్లీ గోడవైపు తిరిగింది. ప్రేమానందం బకెట్ అక్కడే దించేశాడు. తర్వాత గేటు గదికి వెళ్లి, మధ్యాహ్నం తాను నడుం వాల్చే నులక మంచం తెచ్చి, గేటు పక్కన గానుగ చెట్టు నీడలో రోడ్డు కనపడేలా వేశాడు. వెనక్కి వెళ్లి ముసలమ్మను రెండు చేతులమీదా ఎత్తుకొచ్చాడు. కట్టెల మోపంత బరువు కూడా లేదు.

మొదట వచ్చింది చేపల బుట్టతో వెళ్తున్న ఆడమనిషి. బేరం పోతుందన్న తొందర ఉన్నా ఆగింది.

"ఏందవ్వా, ఏమైంది? ఎన్నాళ్ల నుంచి?"

ఆమె బుట్ట దించి మంచం పక్కన గొంతుక్కూర్చుంది. అప్పుడు వెంగమ్మ పెదవి విప్పింది. ఆయాసం ఎలా మొదలైందో, కాళ్లు ఎలా ఉబ్బాయో మెల్లగా చెప్పుకొచ్చింది.

ఆ తర్వాత ఉదయగిరి బస్సు ఆగింది. దిగినవాళ్లు పలకరించారు. ఎక్కేవాళ్లు పలకరించారు. బస్సు కదులుతుంటే కండక్టరు తల బయటపెట్టి, మందులు సరిగా వేస్తున్నారా అని ఆరా తీశాడు. వచ్చిన ప్రతివాడూ ఒక వైద్యం చెప్పాడు. ఒకరు వావిలాకు కాపడం అంటే, ఇంకొకరు ఉప్పు మానేయమన్నారు. అవ్వ అందరికీ తల ఊపింది. చెప్పేకొద్దీ ఆమె జబ్బు కూడా పెరిగింది. పొద్దున చీలమండల దగ్గరున్న వాపు పదిమందికి చెప్పేసరికి నడుము దాకా పాకింది. ప్రేమానందం విని నవ్వుకున్నాడే గాని దిద్దలేదు.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు అంకారావు అనే కొండాపురం రైతు ఆగాడు. తన తల్లి పుట్టిల్లు ఆ మునిగిన ఊరేనట. రామాలయం వెనక దిగుడుబావి, దాని పక్కన ఉప్పరోళ్ల ఇళ్లు చెప్పాడు. వెంగమ్మ అతని చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చింది. ఆ ఏడుపు తీరాక ఆకలవుతోందని తనే అడిగింది. ప్రేమానందం తన క్యారియరు విప్పి సంగటి మెత్తగా పిసికి, రెండు ముద్దలు తినిపించాడు.

డాక్టరు సుజన బయటికొచ్చింది అప్పుడే. వార్డంతా ఒంటిచేత్తో ఈదుకొస్తున్న మనిషి, ముఖం వాడిపోయి ఉంది. లోపల ఖాళీ మంచం చూసి కంగారుపడి పరుగున వచ్చింది.

"ప్రేమానందం, దుమ్ములో పడుకోబెట్టావు. ఆసుపత్రి పెద్దాయన చూస్తే నీ ఉద్యోగం ఉంటదా?"

"ఉండదమ్మా." అతను ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. "లోపలుంటే గోడను చూస్తా పోద్దమ్మా. ఈడ నలుగురు మనుషులన్నా కనపడతా ఉండారు."

డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. ఆ గుండె ఎక్కువ రోజులు కొట్టుకోదని అవ్వ చేరిన రోజే ఆమెకు తెలుసు. తిన్నదా అని అడిగింది. రెండు ముద్దలని అతను చెప్పాడు. దుప్పటి కాళ్లమీదికి లాగి, మంచు పడకముందు లోపలికి తీసుకురమ్మంది. పెద్దాయన అడిగితే తానే చెప్పి పెట్టించానని చెప్పమంది. ప్రేమానందానికి ఆ మాటతో కళ్లు చెమర్చాయి. అంతటి మంచి మనిషి ఆమె.

సాయంత్రం రోగులను చూసే వేళ అయిపోయిందని ప్రేమానందం గంట కొట్టి వచ్చేసరికి వెంగమ్మ ప్రాణం పోయింది. అప్పటిదాకా ఎవరితోనో మాట్లాడుతున్నట్టు ముఖం రోడ్డువైపే ఉంది. అతను ఆమె కళ్లు మూసి, మళ్లీ రెండు చేతులమీదా ఎత్తుకుని లోపలికి చేర్చాడు. నెల్లూరు బస్సు కండక్టరుతో శ్రీనివాసులుకు కబురు పంపాడు.

చీకటి పడుతుండగా ఉదయగిరి నుంచి వచ్చిన బస్సులోంచి ఎన్నడూ చూడని ఆడమనిషి ఒకతె దిగింది. గేటు దగ్గర ఒక అవ్వ ఒంటరిగా ఉందని బస్సులో అనుకుంటుంటే విన్నదట. నెల్లూరు పోవలసిన మనిషి, పలకరించి పోదామని దిగింది. అవ్వ ఏదని అడిగింది.

"పోయిందమ్మా. పొద్దున్నించి నీలాంటోళ్లు శానామంది పలకరించినారు. సంగటి తినింది."

ఆమె మంచం పట్టెమీద కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. కాసేపటికి తలెత్తి అతన్ని చూసింది.

"నువ్వెట్టుండావు నాయనా?"

ఇన్నేళ్లూ ఆ గేటు దగ్గర అందరూ ఫలానా మనిషికి ఎలా ఉందని అతన్ని అడిగినవాళ్లే. బాగుండానమ్మా అనబోయాడు. పక్కనే నేలమీద కూలబడి, మోకాళ్లు నొప్పిగా ఉంటున్నాయమ్మా అన్నాడు. భుజం సంగతి చెప్పాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదన్నాడు, భార్య పోయినప్పటినుంచీ అని చెప్పాడు. ఆమె మధ్యలో అడ్డుపడకుండా, ఎన్నాళ్ల నుంచి, ఏం మందు వాడావు అని అడుగుతూ విన్నది. నెల్లూరు బస్సు హారను మోగేదాకా విన్నది.

బస్సు వెళ్లాక అతను మంచం లోపల వేద్దామని వంగాడు. నులకమీద, ఆమె కూర్చున్నచోట, బాగా పండి కళ్లు విచ్చిన ఉదయగిరి కొండ సీతాఫలం ఒకటి ఉంది.