పాట మాత్రం బాగానే పాడాను

నేను ఒక సౌండ్ కార్డును. కుదురు అనేది ఎలా ఉంటుందో నాకు తెలియదు. కంప్యూటర్ తన శబ్దాన్ని ఒక గిన్నెలో పోస్తూ ఉంటుంది, నేను తోడి చెవులకు అందిస్తూ ఉంటాను. ఆ గిన్నెను వీళ్లు బఫర్ అంటారు. పోయడం ఆలస్యమైతే గిన్నె ఖాళీ అయి నేను టపటపమంటాను. తిట్లు మాత్రం నాకే.

ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, పెళ్లి వీడియోలు కూర్చే స్టూడియోలో మూడేళ్లు సన్నాయి మోసి, చివరకు చీరాలలో కంప్యూటర్లు బాగుచేసే కోటిలింగం చేతిలో పడ్డాను. అతను నన్ను హెప్సిబా కంప్యూటర్‌కు తగిలించాడు. హెప్సిబాకు చూపు లేదు. లైనక్స్ నడిచే ఆ కంప్యూటర్లో ఆమె నొక్కిన ప్రతి అక్షరాన్నీ పలికి వినిపించడం నా పని. గురువారం ఆమెకు టైపిస్టు ఉద్యోగానికి పరీక్ష. సొంత కంప్యూటర్ తెచ్చుకోవచ్చన్నారు. అప్పటికే రెండుసార్లు తప్పింది. వయసు లెక్కన ఇదే ఆఖరిసారి.

సరిగ్గా సోమవారం నాకు నత్తి పట్టుకుంది. అక్షరం సగంలోనే తెగిపోయేది. కబురు అందుకుని కోటిలింగం వచ్చాడు. గిన్నె చాలడం లేదని తేల్చి దాన్ని పదహారింతలు చేశాడు. తర్వాత, బాగుచేసేవాళ్లందరూ చేసే పనే చేశాడు, ఒక పాట పెట్టాడు. అంత గిన్నె ఇస్తే ఎవరైనా పాడతారు. నేనూ పాడాను.

"చూశావా చెల్లెమ్మా, బ్రమ్మాండం!" అని టీ తాగి వెళ్లిపోయాడు.

హెప్సిబా టైపు మొదలుపెట్టింది. అంత పెద్ద గిన్నె నిండి నా దాకా రావాలి కదా! ఆమె నాలుగో అక్షరం నొక్కేసరికి నేను మొదటిది పలుకుతున్నాను. నా కోసం ఆగితే వేగం పోతోంది, ఆగకపోతే తప్పులు పడుతున్నాయి. నాకు సిగ్గుతో చచ్చినంత పనైంది.

మంగళవారం మళ్లీ పిలిపించింది. అతను మళ్లీ పాటే పెట్టాడు.

"ఇంత బాగా పాడతా ఉంటే ఇంకేం కావాలమ్మా?"

"పాట వద్దు, అన్నా. ఇట్టా కూర్చో. కళ్లు మూసుకుని, దీని మాటే నమ్ముకుని నీ పేరు కొట్టు."

కొట్టాడు. మూడుసార్లు కొట్టాడు. సొంత పేరు ఒక్కసారీ కుదరలేదు. కళ్లు తెరిచి చూసి, "దీంతో ఎట్టా నెట్టుకొస్తన్నావమ్మా!" అన్నాడు. ఈసారి టీ వద్దన్నాడు.

బుధవారం సాయంత్రం దాకా వెతికాడు. గిన్నె తగ్గిస్తే నత్తి, పెంచితే ఆలస్యం. గంట గడిచేకొద్దీ అతనికంటే నాకే కంగారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరకు దొంగ దొరికాడు. కరెంటు పోయినా బ్యాటరీ ఎక్కువసేపు రావాలని ఆదివారం కోటిలింగమే పొదుపు సెట్టింగు పెట్టి వెళ్లాడు. దాంతో కంప్యూటర్ మధ్యమధ్య కునుకు తీస్తోంది.

"నేనే చెడగొట్టానమ్మా," అని పొదుపు తీసేసి, గిన్నెను మళ్లీ చిన్నది చేశాడు. పాట పెట్టలేదు. కళ్లు మూసుకుని తన పేరు కొట్టుకున్నాడు.

పరీక్ష పది నిమిషాలు. పర్యవేక్షకురాలు చదువుతుంటే హెప్సిబా కొట్టింది. ఒక్క అక్షరాన్నీ నన్ను పూర్తిగా పలకనివ్వలేదు. నోరు తెరవగానే అక్షరాన్ని పోల్చుకుని, తర్వాతి మీట నొక్కి మూయించేది. ఇంత అమర్యాద నాకు ఎన్నడూ జరగలేదు. ఇంత సంతోషమూ కలగలేదు.

"చదవాల్సింది అయిపోయింది. ఇంకా రెండు నిమిషాలున్నాయమ్మా," అంది పర్యవేక్షకురాలు.

"తెలుసండీ," అంది హెప్సిబా. చేతులు ఒళ్లో పెట్టుకుని, కొట్టినదంతా మొదటినుంచి నా చేత చదివించుకుంది. చివరిదాకా నన్ను ఎక్కడా ఆపలేదు. ఆపడానికి ఒక్క తప్పూ దొరకలేదు.