ప్రశంసాపత్రంలో ఒక్క వాక్యం

గౌరవ డాక్టరేటట! అయిదో తరగతి దాటని మంత్రసానిని పిలిచి మరీ ఇస్తామంటే, ఇంకొకరైతే ఊరంతా చాటింపు వేసుకునేవాళ్లు. ఈ మహాతల్లికి మాత్రం వారం రోజులుగా ముద్ద దిగితే ఒట్టు.

"మీరేమీ మాట్లాడక్కర్లేదమ్మా. తల వంచండి, పట్టా తీసుకోండి, దిగిపోండి," అన్నాడు రిజిస్ట్రార్. రేపటి వేడుకకి ఇవాళ ఖాళీ హాల్లో రిహార్సల్. గుమస్తా ప్రశంసాపత్రం చదవడం మొదలుపెట్టాడు. "నాలుగు వేల కాన్పులు చేసిన ఈమె చేతుల్లో ఏ ఒక్క తల్లీ ప్రాణం పోగొట్టుకోలేదు..."

ఆ మాటకి ఆమె చటుక్కున తలెత్తింది.

ఆ వివరాలు రాసి పంపింది కూతురే. ముందు వరసలో కూర్చుని ముఖం చాటంత చేసుకుని వింటోంది. ప్రేమ కొద్దీ రాసేసింది, పిచ్చిపిల్ల. దానికేం తెలుసు!

చదవడం అవగానే రిజిస్ట్రార్ ఆ కాగితమే ఆమె ముందు పెట్టాడు. ఇందులో ఉన్నదంతా నిజమేనని పట్టా అందుకునేవాళ్లు కింద సంతకం చేయాలి. అది అక్కడి పద్ధతి.

ఆమె పెన్ను పట్టుకుంది. పెడితే పచ్చి అబద్ధం. పెట్టకపోతే ఎందుకంటుంది కూతురు. ముప్ఫై ఏళ్లు కడుపులో దాచుకున్నది కక్కితే, ఈ పిల్ల మళ్లీ తన మొహం చూస్తుందా?

"పెట్టమ్మా, ఏంటాలోచన?" అంటూ కూతురు పక్కకొచ్చింది.

"ఈ మాట కొట్టేయాలి," అంది ఆమె, 'ఏ ఒక్క తల్లీ' అన్నచోట వేలు పెట్టి. "ఒకామె పోయింది."

"నాలుగు వేలల్లో ఒక్కరు లెక్కా అమ్మా?" అని నవ్వాడు రిజిస్ట్రార్.

ఆమెకి ఒళ్లు మండింది. "లెక్కే!"

"ఎవరమ్మా?" అంది కూతురు.

ఆమె కూతురి వైపు తిరిగింది. "నిన్ను కన్న మనిషి. నెత్తురు ఆగలేదు. ఆపడం నాకు చేతకాలేదు. నీకోసం ఎవరూ రాకపోతే నేనే తెచ్చుకున్నాను."

కూతురు పెన్ను లాక్కుని ఆ వాక్యం మీద గీత గీసింది.

"పేరు?"

చెప్పింది. కూతురు ఆ పేరు రాసి, పక్కన 'ఈమెను కాపాడలేకపోయింది' అని రాసి, కాగితం గుమస్తాకి ఇచ్చింది. "రేపు ఇలాగే చదవాలి. ఇప్పుడొకసారి చదవండి."

అతను చదివాడు. ఆ పేరు దగ్గరికి వచ్చేసరికి కూతురు ముఖం కప్పుకుని భోరుమంది. ఆమె దగ్గరకు తీసుకోబోయి, ఆ హక్కు ఇంకా తనకుందో లేదో తెలియక, చేతులు చాచి అలాగే నిలబడిపోయింది.