మెట్లు అడగని విమానం

ఐర్లండు పడమటి కొసన, నది సముద్రంలో కలిసే చోట మా విమానాశ్రయం. దాని కంచె బయట, పసుపు పూల ముళ్ళపొదల మధ్య ఒక దిబ్బ. ఆదివారం వచ్చిందంటే నా కాపురం ఆ దిబ్బ మీదే. నాది ఇళ్ళకి బొగ్గు బస్తాలు మోసే పని. బడి పద్నాలుగో ఏట మానేశాను. దిగే విమానాల నంబర్లు చదవడమే నాకు మిగిలిన చదువు.

మాలకీ కంచె లోపలివాడు. మెట్లబండి డ్రైవరు. విమానం ఆగగానే మెట్లున్న లారీని తలుపుకి ఆనించడం అతని పని. నాకన్నా పదేళ్ళు పెద్ద, పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఇద్దరిదీ ఒకటే పిచ్చి. పని దిగాక పబ్బులో కూర్చుని, ఎవరు ఏ విమానం చూశారో ఒప్పజెప్పుకునేవాళ్ళం. మా పిచ్చివాళ్ళకి ఒక్కటే నీతి: కంటితో చూడని విమానాన్ని చూశాననకూడదు. పెళ్ళాం దగ్గర అబద్ధమాడినా సర్దుకుంటుంది గాని, ఇక్కడ ఆడితే మళ్ళీ ఎవడూ మొహం చూడడు.

ఒక మార్చిలో, నేను పన్ను పీకించుకోవడానికి పోయిన రోజునే, ఆ తెల్ల విమానం దిగింది. సాయంత్రం మాలకీ పబ్బులోకి పెళ్ళికొడుకులా వచ్చాడు.

"ఏరా కోర్మాక్, పన్ను పోయిందా? మిగతావీ పీకించుకో. ఇది చూశాక నీకు తిండి సయించదు."

చిన్న కెమెరాలో బొమ్మ చూపించాడు. తెల్లటి విమానం. తోక దగ్గర నంబరు, అంతే.

"కంపెనీ పేరేదీ?" అన్నాను దవడ పట్టుకుని.

"పేరూ లేదు, ఊరూ లేదు. మెట్లు కూడా అడగలేదు తెలుసా? దూరంగా ఉండమన్నారు. తన మెట్లు తనే దించుకుంది మహాతల్లి. నాకేం పని? బండిలో కూచుని ఫోటో నొక్కేశా."

"లోపల కెమెరా తీస్తే ఉద్యోగం ఊడుతుంది, ముసలోడా."

"అది తర్వాత. ముందు నువ్వు కుళ్ళి చావు."

నిజంగానే కుళ్ళుకున్నాను. అంత అరుదైనది దొరికిన సంబరంలో గ్లాసులు తాకించి మరీ తాగాం.

కొన్నేళ్ళకి ఓర్లా అనే లాయరమ్మ డబ్లిన్ నుంచి వచ్చి, మంచి బూట్లతో బురదలో నడిచి నా దిబ్బ ఎక్కింది. ఆమె కక్షిదారుణ్ణి ఎక్కడో వీధిలో పట్టుకున్నారట. కళ్ళకి గంతలు, చెవులకి మూతలు, కాళ్ళకి గొలుసులు. ఏ కోర్టుకీ చెప్పకుండా విమానంలో ఇంకో దేశపు జైలుకి చేరవేశారట. దారిలో ఒకచోట ఆగారని అతనికి తెలుసు, ఎక్కడో తెలియదు. ఆమె నంబరు చెప్పింది, తేదీ చెప్పింది.

"ఆ రోజు అలాంటి విమానమే దిగలేదంటున్నారండీ ప్రభుత్వం వాళ్ళు. విమానాల పిచ్చివాళ్ళు మీలో ఎవరైనా చూశారా?"

నా దవడ మళ్ళీ సలిపినట్టయింది. ఆ సాయంత్రం ఆమెను పబ్బుకి తీసుకుపోయాను. మాలకీ అంతా విని, ఫోటో బయటికి తీశాడు. దాని మూల మెట్లబండి కమ్మీ కూడా పడింది.

"ఇదొక్కటే చాలదండీ," అంది ఓర్లా మెల్లగా. "తీసినవాళ్ళు సంతకం పెట్టాలి."

సంతకం పెడితే ఏమవుతుందో మా ఇద్దరికీ తెలుసు.

"ఆ మూల కత్తిరించి నా పేరు రాయండి," అన్నాను. "నాకేం పోతుంది? బొగ్గు బస్తాలకి నా మీద కోపమొస్తుందా?"

"ఈ మాట నేను వినలేదు," అని ఓర్లా పైకప్పు వంక చూసింది.

మాలకీ బల్ల మీద గుద్దాడు. "నువ్వు చూశావురా దాన్ని?"

"లేదు గానీ..."

"ఆ రోజు నువ్వు డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని పడున్నావు. చూడనిదాన్ని చూశానంటావా? ఇన్నేళ్ళు నాతో తిరిగి నేర్చింది ఇదా, గాడిదా?"

"నీ పని పోతుంది మాలకీ."

"పోతుంది." గ్లాసు పక్కకి జరిపాడు. "వాడు అందులోనే ఉన్నాడురా, గొలుసులతో. రాయేస్తే తగిలేంత దూరంలో. మనం ఇక్కడ కూచుని పండగ చేసుకున్నాం."

"మనకేం తెలుసు?"

"ఇప్పుడు తెలిసింది కదా. అమ్మాయ్, కలమివ్వు."

ఆ వసంతం పోకముందే మాలకీని పనిలోంచి తీసేశారు. నిబంధనలట. కట్టేసిన మనిషిని మోసుకొచ్చిన విమానానికి అడ్డురాని నిబంధనలు, జేబులో కెమెరాకి అడ్డొచ్చాయి. ఆ విమానం మీద విచారణకి కూర్చున్న పెద్దమనుషులు, విమానం దిగిన మాట నిజమే, లోపల ఎవరున్నారో మాకెలా తెలుస్తుంది అని రాసి లేచిపోయారు. అందరూ చదువుకున్నవాళ్ళే.

ఆ గొలుసుల మనిషి ఎప్పటికో జైలు నుంచి విడుదలయ్యాడు. ఓర్లా మాలకీకి ఫోను చేసింది. తను ఫోటో చూపిస్తే, అతను ఆ రోజు అక్కడ వాన పడుతోందా అని అడిగాడట.

"పడుతోందని చెప్పు తల్లీ," అన్నాడు మాలకీ. "ఇక్కడెప్పుడు పడలేదు గనక."

అంతకు చాలా ముందే, పని పోయిన వారం ఆదివారమే, మాలకీ మడత కుర్చీ, ఫ్లాస్కు చంకన పెట్టుకుని దిబ్బ ఎక్కాడు.

"ఇక్కణ్ణుంచి ఏం కనబడుతుందిరా నీకు? ఇన్నేళ్ళూ కోతలే కోశావా?"

అప్పటినుంచి అతని ఛాతీ మొరాయించేదాకా ప్రతి ఆదివారమూ వచ్చాడు. కొత్త డ్రైవరు మెట్లు ఆనిస్తుంటే, "అటు కాదు, ఎడమకి, ఎడమకి! చచ్చాడు," అని కంచె ఇవతలనుంచే అరిచేవాడు. తీసేసినవాళ్ళని నేను క్షమించలేదు. కానీ వాళ్ళు తీసేయకపోతే ఆ ఆదివారాలు నాకు దక్కేవి కావు. ఈ ముక్క ఎవరితోనూ అనలేను.

ఒక జూన్‌లో వాన వెలిసి నది మీద ఎండ పడింది. మధ్యాహ్నమంతా ఒక్క విమానమూ రాలేదు. మాలకీ సోడా రొట్టె తుంచి, వెన్న ఎక్కువున్న ముక్క నాకిచ్చాడు.

"చలేస్తోంది, పోదామా?" అన్నాను పొద్దు వాలుతుంటే.

"పోదాం," అన్నాడు. ఇద్దరం లేవలేదు.