ఎస్తేరమ్మ చెక్క బూర

నేను ఒక చెక్క బూరను. ఊదడానికి కాదు, వినడానికి. నా వెడల్పు మూతిని గర్భిణి పొట్టకు ఆనించి, రెండో కొసన చెవి పెడితే లోపలి బిడ్డ గుండె వినిపిస్తుంది. ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే ముసలాయన ఒకాయన అంకుడు కర్ర నుంచి నన్ను తీశాడు. అలవాటు కొద్దీ ఎర్ర లక్క పూయబోతే, "రంగులొద్దు బాబూ, ఇది ఆడుకునేది కాదు" అని ఎస్తేరమ్మ ఆపింది.

ఎస్తేరమ్మ మిషను ఆసుపత్రిలో కాన్పుల నర్సు. అది మూతపడ్డాక యలమంచిలి చుట్టుపక్కల ఇళ్లకు వెళ్లి పురుళ్లు పోసేది. బిడ్డ కేరుమనగానే ఆమెను దేవతనేవారు. ఆ మాట వినీ వినీ నేను కూడా కాస్త పొంగిపోయాను.

హైమవతి బడిలో లెక్కల టీచరు. తొలికాన్పు పెద్దాసుపత్రిలో. నొప్పులకు అరిచిందని తొడ మీద చరిచారట, మొగుణ్ణి వరండాలోనే ఆపేశారట. కూతురు క్షేమంగానే పుట్టింది గానీ, ఆ గది గడప మళ్లీ తొక్కకూడదనుకుంది. రెండోసారి నెల తప్పగానే ఎస్తేరమ్మ దగ్గరికి వచ్చింది.

"నా ఇంట్లోనే కంటానమ్మా. నువ్వుంటే చాలు."

"నేను ఆస్పత్రికి పదంటే మాత్రం మారుమాట్లాడకూడదు."

"అలాగేనమ్మా."

అత్తగారు రుసరుసలాడింది. మొగుడు సన్యాసిరావు మాత్రం ఓ రోజు నాకు చెవి ఆనించి, "గుర్రం పరిగెడతందే!" అని పసివాడిలా నవ్వాడు.

నొప్పులు వచ్చిన రోజు పొద్దుటి నుంచీ అంతా సవ్యంగానే సాగింది. హైమవతి కూనిరాగం తీస్తూ గదిలో తిరిగింది. మధ్యాహ్నం ఎస్తేరమ్మ మళ్లీ నాకు చెవి ఆనించి, ఇక తీయలేదు. బిడ్డ గుండె మందగించింది. నొప్పి తగ్గాక కూడా తేరుకోలేదు.

"సన్యాసీ, ఆటో తీసుకురా. లేమ్మా, పోదాం."

హైమవతి ఆమె ముఖంలోకి చూసింది. ఆ గదికే మళ్లీ వెళ్లాలి. అయినా మారుమాట్లాడకుండా లేచింది.

ఆటో ఊరు దాటకముందే బిడ్డ పుట్టాడు. మెడకు పేగు చుట్టుకుంది. ఏడవలేదు. ఆసుపత్రి గేటు వరకూ ఎస్తేరమ్మ వాడి నోట్లోకి ఊపిరి ఊదుతూనే ఉంది.

"చదువుకున్నదానివి, బుద్ధుందా?" అంది డాక్టరమ్మ హైమవతితో. "ఈ నర్సమ్మ నా మనవణ్ణి సంపేసింది" అని అత్తగారు వీధంతా వినేలా ఏడ్చింది. ఆ తర్వాత ఎస్తేరమ్మను ఎవరూ పిలవలేదు. పిలిచినా వెళ్లేది కాదు.

వానలు వెలిశాక హైమవతి ఒక్కతే వచ్చింది. చాప మీద కూర్చుంది.

"మొదటే ఆస్పత్రికెళ్తే బతికేవోడా అమ్మా?"

ఎస్తేరమ్మ చీర చెంగు సర్దుకుని ఆమెకు ఎదురుగా కూర్చుంది. అబద్ధం చెప్పినా తప్పుపట్టేవాళ్లు లేరు.

"బతికేవోడేమోనమ్మా."

హైమవతి తల ఊపింది. వెళ్లేముందు నన్ను ఇమ్మని అడిగి తీసుకుంది.

ఇప్పుడు ఆమె బీరువాలో, ఎవరూ తొడగని బుల్లి చొక్కాల మధ్య ఉంటున్నాను. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నన్ను తీసి చెవికి ఆనించుకుంటుంది. చప్పుళ్లు నాలోంచి సాగిపోతాయే తప్ప ఏదీ నాలో నిలవదు. లెక్కల టీచరు, ఆమెకా సంగతి తెలుసు. అయినా వింటుంది.