నూరుసార్లు తెరిచిన అద్దం

హెల్మెట్ల షాపు వెనక గదిలో రిపేర్లు చేసే పిన్ని, చేతిలోని హెల్మెట్ అద్దం ఊడదీసి, మెత్తని గుడ్డలో చుట్టి గదిలో ఆ మూల పెట్టింది. జిగురు సీసా ఈ మూల. ఆ రెండూ దగ్గరైతే కొంప మునిగినట్టే. జిగురు ఆవిరికి అద్దం మీద తెల్లటి పొర కమ్ముకుంటుంది. ఇరవై ఆరేళ్ళ కిందట, పనిలో చేరిన వారంలోనే ఆ తప్పు చేసి వెక్కి వెక్కి ఏడ్చింది. ఇవాళ విరిగిన హెల్మెట్ అతికించబోయి అదే తప్పు షాపు ఓనరు చేశాడు. ఏడవలేదు సరికదా, "పాతది పారేసి కొత్తది తీసుకోండమ్మా" అన్నాడు.

"ఈ సైజు చేయడం మానేశారయ్యా! నాది గుమ్మడికాయంత బుర్ర," అంది ఆ హెల్మెట్ తెచ్చిన, ఉత్తరాలు పంచే ఆవిడ. "హెల్మెట్ లేకపోతే రేపట్నుంచి నన్ను పోస్టాఫీసు గదిలో కూర్చోబెట్టి ముద్రలు కొట్టిస్తారు. పదిహేడేళ్ళు బండి మీద తిరిగినదాన్ని, ఊపిరాడక చస్తాను."

ఓనరు వెనక గదిలోకి తొంగిచూశాడు. "పిన్నీ, ఇది నీవల్ల కాకపోతే రేపే రిపేరు బల్ల తీసేస్తా. ఆ చోట్లో కొత్త సరుకు పెట్టుకోవచ్చు."

పిన్నికి ఒళ్ళు మండింది. ఆ గదికి కిటికీ కూడా లేదు. ఊళ్ళో సగంమంది కళ్ళముందు అద్దాలు నిలబెట్టిన మనిషి ఆమె. ఆ కళ్ళు మాత్రం ఒక్కసారీ ఆమెను చూడలేదు. హెల్మెట్ చేతికిస్తూ ఓనరు "మేం బాగుచేశాం" అనేవాడు.

అద్దాన్ని పట్టి ఉంచే బిళ్ళకు మూడు పళ్ళు విరిగాయి. సన్నని తీగ వలను వేడిచేసి బిళ్ళలోకి దించింది. పనికిరాని పాత బిళ్ళ ముక్క కరిగించి దాని మీద పోసింది. చల్లారాక ఆకురాయితో అరగదీసి మూడు పళ్ళూ తీర్చింది. వేలు చురుక్కుమంటే నోట్లో పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి పళ్ళపేస్టుతో రుద్ది రుద్ది అద్దం మీది తెలుపు వదలగొట్టింది.

ఏది బాగుచేసినా నూరుసార్లు తెరిచి మూయడం ఆమె అలవాటు. ఎప్పుడూ లోపలే, తనలో తనే లెక్కపెట్టుకునేది. ఇవాళ హెల్మెట్ పట్టుకుని ముందుకు వచ్చింది.

"లెక్కపెట్టు తల్లీ," అంది ఉత్తరాలావిడతో.

ఇరవై దాటేసరికి షాపులో ఉన్నవాళ్ళంతా గొంతు కలిపారు. అరవై మూడు దగ్గర అద్దం పట్టేసింది. ఓనరు నవ్వబోయాడు. పిన్ని ఉఫ్‌మని ఊది, ఇరుక్కున్న ప్లాస్టిక్ పొడి ఎగరగొట్టింది. అరవై నాలుగు! నూరో సారికి అద్దం టక్కున కూర్చుంది. ఉత్తరాలావిడ హెల్మెట్ పెట్టుకుని తల అటూ ఇటూ విసిరింది. అద్దం చెక్కుచెదరలేదు.

"అబ్బ! నువ్వా అక్కా ఇన్నాళ్ళూ బాగుచేస్తున్నది? నీ చేతులకు దణ్ణం పెట్టాలి!"

పిన్ని నవ్వుతూ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"బల్ల నీదే పిన్నీ, తియ్యనులే," అన్నాడు ఓనరు.

"నీ బల్ల నువ్వే ఉంచుకో నాయనా. వీధి చివరి మెకానిక్ గుమ్మం పక్కనే చోటిస్తానని నాలుగేళ్ళుగా పిలుస్తున్నాడు. రేపట్నుంచి అక్కడే ఉంటా."

పనిముట్ల సంచీ భుజాన వేసుకుని నడిచింది. ఉత్తరాలావిడ బండిని నెమ్మదిగా ఆమె పక్కనే నడుపుతూ వీధి పొడవునా హారన్ కొట్టింది.

ఓనరు వెనక గదిలోకి వెళ్ళి, ఆమె స్టూలు మీద కూలబడ్డాడు. ప్లాస్టిక్ స్టూలు, రెండు కాళ్ళు ఎప్పుడో విరిగితే పిన్నే తీగతో కుట్టింది. అంత బరువు పడ్డా అది కిర్రుమనలేదు.