మెట్ల కింది పెట్టె

రిటైరైన టీచరమ్మ ఇంటి మీద డిష్ లేచిందని తెలియగానే కేబులాయనకి అరికాలి మంట నెత్తికెక్కింది. నిచ్చెన భుజాన వేసుకుని నేరుగా ఆమె గుమ్మం ముందు దిగాడు.

"పదిహేనేళ్లు నా కేబులే చూశారు. ఒక్క మాట చెప్పాలని తోచలేదా?"

"నిన్న పదకొండు సార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తితేగా. సరిగ్గా వార్తల వేళకి బొమ్మ ముక్కలు ముక్కలవుతుంది. అడిగితే ఎప్పుడూ ఒకటే పాట, పై నుంచే ప్రాబ్లం అని."

"అయితే నా సామాను నేను పట్టుకుపోతా. ఒక్క మేకు కూడా వదలను."

"శుభం. గోడకి రంగు వేయించుకుంటాను."

ఆ మాటకి ఆయన ఒళ్లు మండిపోయింది. డాబా ఎక్కి, ఆమె ఇంట్లోకి దిగే వైరు కోసి చుట్ట చుట్టాడు. టీవీ పక్కనున్న బాక్సు లాక్కుని సంచిలో పడేశాడు.

"ఇక మీది నాకొద్దు, నాది మీకొద్దు."

"ఆలోచించుకునే అంటున్నావా?"

"ఆలోచించేదేముంది?"

టీచరమ్మ మెట్ల కిందికి నడిచింది. వీధిలో మిగతా నలభై ఇళ్లకీ బొమ్మని తోసే ఆయన పెట్టె అక్కడే ఉంది. పదిహేనేళ్లుగా అది ఆమె ఇంటి కరెంటు మీదే నడుస్తోంది. ఆ సంగతి ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. ఆమె ప్లగ్గు పీకి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన నోరు తెరిచేలోగా జేబులో ఫోన్ మోగింది. కట్ చేశాడు. మళ్లీ మోగింది.

"ఎత్తు," అంది టీచరమ్మ తలుపు వేసుకుంటూ. "పై నుంచే ప్రాబ్లం అని చెప్పు."